దిగుడు బాకీ

కొండ మీద బస చేసినవాడికి ఒక చిక్కుంది. కొండెక్కాలంటే ముందు దిగాలి.

ఇంత చిన్న సంగతి నాకు పొద్దున్నే ఆరింటికి, చీకట్లో, మామగారి మంకీక్యాప్ తగిలించుకుని కాటేజీ గేటు బయట నిలబడ్డాక గానీ తట్టలేదు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మాత్రం చాలా ఘనంగా ప్రకటించాను, రేపు పొద్దున్నే కొండెక్కుతానని, అదీ పరుగున. "ఏ కొండండీ? మనం ఉన్నదే కొండ మీద కదా" అంది మా ఆవిడ, పెరుగన్నంలోకి ఊరగాయ ముక్క వెతుక్కుంటూ. ఆ మాటలోని న్యాయం అప్పుడు నాకు బోధపడలేదు. బావమరిది మాత్రం, "కావాలంటే నేను కార్లో కింద దింపేసి వస్తా బావా, హాయిగా ఎక్కి రా" అన్నాడు. వాడు ఎనిమిదింటికి ముందు లేచిన రోజు వాడి పెళ్ళిరోజు ఒక్కటే. లేవడని తనకీ తెలుసు కాబట్టే అంత ధారాళంగా అన్నాడు.

సంక్రాంతికి మదనపల్లెలో అత్తవారింటికి వెళ్ళి, కనుమ మర్నాడు అందరం కలిసి హార్సిలీహిల్స్ వచ్చాం. పదిమందిమి, మూడు గదులు, ఒక అరిసెల డబ్బా. మూడు రాత్రులు. ఇక్కడివాళ్ళకి ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులు సాకాయని, ఆవిడ కొండమీది జనానికి మందూ మాకూ చూసేదని, ఒకనాడు కనబడకుండా పోయిందని కథ. ఆవిడకి గుడి కూడా ఉంది. తర్వాత హార్స్‌లీ అనే కడప కలెక్టరు వేసవి పడలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. మనుషులకి మందిచ్చిన మల్లమ్మ పేరు వెనక్కి పోయి, చెమట పట్టకుండా ఉండటానికి వచ్చిన దొర పేరు బోర్డుల మీదికెక్కింది. ఆ దొర వచ్చింది చల్లదనానికి, నేనేమో అదే కొండ మీద చెమట పట్టించుకుందామని బయల్దేరాను. రాత్రి ఈ మాటే అంటే మామగారు నవ్వి, "నువ్వు దొరవి కాదులే నాయనా, ముందు చెవులు మూసుకో" అని తన మంకీక్యాప్ తీసి నా చేతిలో పెట్టారు.

నా పరుగు సంగతి కూడా చెప్పాలి. వయసు నలభై ఏడు. నాలుగేళ్ళ క్రితం రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె కింద డాక్టరు రెండు గీతలు గీశాడు. ఆ రెండు గీతల మీదే ఇప్పటికీ పరుగెత్తుతున్నాను. హైదరాబాదులో పరుగెత్తేవాళ్ళకి కొండలుండవు, ఫ్లైఓవర్లుంటాయి. ఆగస్టు మారథాన్ అయ్యాక నెలరోజులపాటు మా వాళ్ళు ఒక్కో ఫ్లైఓవరునీ ఎవరెస్టు ఎక్కొచ్చినంత నిట్టూర్పుతో తలుచుకుంటారు. అలాంటి వాడికి అసలు సిసలు కొండ దొరికితే ఊరుకుంటాడా? బూట్లు ఎలాగూ సూట్‌కేసులో ఉన్నాయి. అరిసెల డబ్బాకి చోటు చాలక వాటిని తీసేయమని ఇంట్లో రెండుసార్లు వినతి వచ్చినా నేను లొంగలేదు.

మంచు బాగా పడుతోంది. వేళ్ళు కొంకర్లు పోయి బూటు లేసు ముడి మూడోసారికి గానీ పడలేదు. ఫోను టార్చి వేస్తే ముందు నాలుగడుగుల మేర తెల్లటి గోడ కనిపిస్తోంది తప్ప రోడ్డు లేదు. టార్చి ఆర్పేస్తేనే నయం, తారు నల్లగా, అంచున గడ్డి బూడిదరంగులో తెలుస్తున్నాయి. రెండు మలుపులు దాటాక నీలగిరి చెట్ల కిందికి వచ్చేసరికి టపటపా చినుకులు మొదలయ్యాయి. వాన అనుకుని ఒక చెట్టు కిందికి జరిగాను. అక్కడ ఇంకా ఎక్కువ పడింది. రోడ్డు మధ్యకొచ్చి నిలబడితే ఒక్క చుక్క లేదు. అప్పుడు చెయ్యి చాపి ఒక కొమ్మని పట్టుకు చూశాను. కొడవలిలాగా వంగిన ఒక్కో ఆకు మొనకీ ఒక్కో నీటిబొట్టు వేలాడుతోంది. మంచు ఆకులకి అంటుకుని, బొట్టై, మొనకి జారి రాలుతోంది. అంటే ఆ చెట్లు తమ కింద మాత్రం సొంతంగా వాన కురిపించుకుంటున్నాయి. కొండమీద ఉన్న కల్యాణి అనే పెద్ద నీలగిరి చెట్టుని 1859లో నాటారని చెబుతారు. అది ఎన్ని తెల్లవారుజాముల్లో ఇలా తన వేళ్ళు తనే తడుపుకుందో.

ఇక దిగడం. నేను ఎప్పుడూ అంత తేలిగ్గా పరుగెత్తి ఎరగను. ఊళ్ళో కిలోమీటరుకి ఏడు నిమిషాలు పట్టే మనిషిని, మొదటి కిలోమీటరు అవగానే గడియారం చేతిమీద జిమ్మని వణికి ఐదు నిమిషాల నలభై సెకన్లని చూపింది. రెండోది ఐదూ ముప్ఫై. ఊపిరి ముక్కుతోనే ఆడుతోంది. ఇదంతా రాయలసీమ గాలి మహిమ అనుకున్నాను. అరిసెల్లో బెల్లం మహిమ అని కూడా అనుకున్నాను. వాలు మహిమ అని మాత్రం అనుకోలేదు. మూడు కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరగాలన్నది ఒప్పందం, నాతో నేను చేసుకున్నదే. మూడు వచ్చింది, పోయింది. ఇంత హాయిగా ఉంటే తిరగడం ఎందుకు, నాలుగు చేద్దాం. నాలుగైతే ఐదు గుండ్రటి సంఖ్య కదా.

అప్పుచేసి పప్పుకూడు అంటే ఇదే. వాలులో వేసే ప్రతి అడుగూ చేబదులు. కొండ అడిగినంతా లేదనకుండా ఇస్తుంది, పత్రం రాయించుకోదు, సాక్షి సంతకం అడగదు. పైగా మనం తెలివైనవాళ్ళమన్న నమ్మకం కూడా కలిగిస్తుంది.

మనకి అలవాటైన కొండలు ఇలా ఉండవు. అలిపిరి దగ్గర మొదలుపెడితే 3,550 మెట్లూ ముందే కట్టేయాలి. కట్టాకే దర్శనం. తిరుగుప్రయాణం బస్సులో నిద్రపోతూ చేయొచ్చు. దేవుళ్ళందరూ కొండ నెత్తిన కూర్చోవడంలో లెక్క ఉందని అప్పుడనిపించింది. కష్టం మొదట, సుఖం తర్వాత, అప్పుల్లేని బేరం. పరుగుపందేల్లో కూడా ఎక్కువ చోట్ల ఇదే వరస. సతారాలో జరిగే కొండ హాఫ్ మారథాన్‌లో ముందు ఎక్కిస్తారు, ఆ తర్వాత దింపుతారు. దక్షిణాఫ్రికా వాళ్ళు ఇంకో రకం. దర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య 1921 నుంచి కామ్రేడ్స్ అనే పరుగు జరుగుతోంది, దాదాపు తొంభై కిలోమీటర్లు. మామూలుగా ఒక ఏడు సముద్రం వైపు నుంచి పైకెక్కుతారు, మరో ఏడు పైనుంచి దిగుతారు. గాంధీని 1893లో రైల్లోంచి దింపేసింది ఆ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోనే. ఎక్కుడు పరుగు కన్నా దిగుడు పరుగే కాళ్ళని ఎక్కువ పాడుచేస్తుందని అక్కడ పరుగెత్తిన వాళ్ళు చెబుతారు. ఇది నేను చదివే ఉన్నాను, మరిచిపోనూ లేదు. తెలిసిన విషయం వేళకి అక్కరకొచ్చిన సందర్భాలు నా జీవితంలో ఎప్పుడూ తక్కువే.

ఐదు కిలోమీటర్ల దగ్గర ఒక మలుపులో పిట్టగోడ ఉంది. దాన్ని ముట్టుకుని, అక్కడితో ముగిసిందని నిర్ణయించాను. అప్పటికి మంచు నా పైన ఉంది, నేను దాని కిందికి దిగిపోయాను. కింద మైదానం మెల్లగా తేలుతోంది. మదనపల్లె వైపు దీపాలు ఒక్కొక్కటిగా ఆరుతున్నాయి. పొలాల్లో టమాటా తీగలకి పాతిన కర్రలు వరసలు వరసలుగా, పంటలేకుండా మిగిలిన చోట ఎర్రమట్టి. ఆ ఊరి టమాటా మార్కెట్లో ధర దిగితే ఇక్కడి రైతులు కాయలు రోడ్డు పక్కన పారబోసి పోతారు. 2023 వేసవి దాటాక ధర ఎక్కినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు జపించింది. రిషీవ్యాలీ కూడా ఆ కిందే ఎక్కడో, గుట్టల మధ్య. ఆ బడి పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలోనే, 1895లో. ఎక్కడున్నా ఆయన పెద్ద నడకరి. పరుగెత్తేవాడని మాత్రం నేనెక్కడా చదవలేదు. ఒక పిట్ట పొదలోంచి గట్టిగా అరిచి ఎగిరిపోయింది. ఇక్కడి బండరాళ్ళ మధ్య పసుపు గొంతు పికిలిపిట్టలుంటాయట, దక్షిణాదిన రాతిగుట్టల్లో తప్ప దొరకని జాతి. నాకు కనిపించింది మాత్రం తోక ఒక్కటే, దాని రంగు చెప్పలేను.

వెనక్కి తిరిగాను.

మొదటి మలుపు దాకా మర్యాదగానే ఉంది. రెండో మలుపుకి ముక్కు చాలక నోరు తెరిచాను. మూడో మలుపులో నోరు కూడా చాల్లేదు. ఇక్కడి గాలి ఊపిరితిత్తుల రోగులకి మంచిదని మదనపల్లె దగ్గర 1915లో క్షయ శానిటోరియం కట్టి, ఆ చోటుకి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. అంత పేరున్న గాలి ఇది. ఎంత పీల్చినా లోపలికి ఒక చెంచాడే పోతున్నట్టుంది. దిగేటప్పుడు ఈ రోడ్డుకి ఇంత వాలున్నట్టు ఒట్టేసి చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. ఇదే రోడ్డు, ఇవే మలుపులు, హారన్ మోగించండి అన్న బోర్డు కూడా అదే. ఎవరో మధ్యలో వచ్చి కింద జాకీ పెట్టి లేపినట్టుంది.

మంకీక్యాప్ తీసి నడుముకి దోపుకున్నాను. గడియారం కిలోమీటరుకి తొమ్మిది నిమిషాలంది, పదంది, తర్వాత నేను చూడటం మానేశాను. కొండల్లో పరుగెత్తే గట్టివాళ్ళు కూడా ఎక్కుడులో నడుస్తారు, అరచేతులు తొడల మీద ఆనించి, నేలచూపులతో. అది ఓటమి కాదు, పద్ధతి అని పుస్తకాల్లో ఉంది. నేనూ చేతులు తొడల మీద ఆనించాను. పద్ధతి ప్రకారమే.

అప్పుడు కింద నుంచి మోపెడ్ చప్పుడు వినిపించింది. నాలుగు పాలక్యాన్లు, రెండు ముందు కాళ్ళ దగ్గర, రెండు వెనక తాళ్ళతో కట్టి. నడిపే ఆయనకి యాభై పైన ఉంటాయి. తలకి తువ్వాలు చుట్టి, దాని మీదుగా మఫ్లరు. నా పక్కకొచ్చి బండి నెమ్మది చేశాడు.

"ఏం సార్, బండి చెడిపోయిందా?"

"లేదండీ, బండి లేదు. ఊరికే పరుగెత్తుతున్నా."

ఆయన నా వెనక రోడ్డంతా ఒకసారి చూశాడు. "ఎనకాల ఏమన్నా వస్తా ఉండాదా?"

"ఏమీ రావట్లేదు. వ్యాయామం."

"యాడ్నుంచి?"

"పైనుంచే. దిగి, మళ్ళీ ఎక్కుతున్నా."

పైనుంచి దిగి మళ్ళీ పైకే పోతున్న మనిషి గురించి ఆయన కాసేపు ఆలోచించాడు. చివరికి జాలే గెలిచినట్టుంది. ముందు క్యాన్ల మీద ఉన్న సంచీ కాస్త జరిపి, "రాండి, ఎట్లో ఒకట్ల కూసుందురు, దింపేస్తా" అన్నాడు. కూర్చుంటే బండి మీద కాదు, పాల మీద కూర్చోవాలి. అయినా సరే, ఒక్క క్షణం నా రెండు కాళ్ళూ నన్నడక్కుండానే బండి వైపు తిరిగాయి. వద్దండీ, థాంక్సండీ అని నోరు మాత్రం అంది. ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. పెట్రోలు వాసన కాసేపు నాతో నడిచింది.

ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు. కార్లో దింపుతానన్న బావమరిది మాటని నవ్వుతూ వదిలేశాను, కానీ ఆ కారు అక్కడుంటే ఎక్కేవాణ్ణే. ఈ పాలబండి ఎక్కితే బాకీ ఎగ్గొట్టినట్టుంటుందనిపించింది. వాడుకున్నది నేను, తీర్చేది వేరొకరి పెట్రోలా? ఇంత ఉదాత్తమైన ఆలోచన వచ్చినందుకు సంతోషించి, ఆ సంతోషంలో వంద గజాలు పరుగెత్తాను కూడా. తర్వాత మళ్ళీ పద్ధతి.

ఏడయ్యాక పైనుంచి బస్సు దిగింది. మలుపులో నేను గోడకి అతుక్కుని దారిచ్చాను. డ్రైవరు నా మంకీక్యాప్ నడుము వైపు చూశాడు. బస్సు అటు పోగానే, మలుపు తిరిగి చూద్దును కదా, మోపెడ్ రోడ్డు పక్కన ఆగి ఉంది. పాలాయన ఒక కాలు నేల మీద ఆనించి, బ్రేకు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. బస్సుకి దారివ్వడానికి ఆపితే ఊపు పోయిందట. ఇంజను ఆడుతోంది గానీ ఆ వాలులో నాలుగు క్యాన్లతో ముందుకి కదలనంటోంది. బ్రేకు వదిలితే వెనక్కి జారుతుంది.

నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. "సార్, మీరెట్లా పరిగెత్తతానే ఉండారు కదా. రవ్వంత నెట్టండి."

న్యాయమైన మాట. వెనక క్యాన్ల మీద రెండు చేతులూ పెట్టాను. అల్యూమినియం మంచులాగా చల్లగా ఉంది, లోపల పాలు మాత్రం ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టు అడుగున తెలుస్తోంది. "ఊఁ" అన్నాడు. నెట్టాను. బండి రెండడుగులు కదిలి ఆగింది. "ఇంగొంచెం, ఇంగొంచెం" అన్నాడు. ఈసారి తల దించి, బూట్ల మొనలు తారులో గుచ్చి నెట్టాను. నాలుగేళ్ళుగా చేసిన పరుగంతా ఎక్కడ దాక్కుందో గానీ, ఆ పదిహేను గజాలకి బయటికొచ్చింది. ఒక మూత దగ్గర్నుంచి పాలు చిలికి నా కుడి బూటు మీద పడ్డాయి. ఇంజను గొంతు మారింది. క్యాన్లు నా చేతుల కిందనుంచి జారిపోయాయి, బండి పరుగందుకుంది. ఆయన వెనక్కి చూడలేదు. చూస్తే మళ్ళీ ఊపు పోతుంది మరి. చెయ్యి మాత్రం ఒకటి పైకెత్తాడు. నేను మోకాళ్ళ మీద వంగి అలా చాలాసేపు ఉండిపోయాను. ఆ రోజు నా గుండె అత్యధికంగా కొట్టుకున్నది నిమిషానికి 178 సార్లని గడియారం తర్వాత చెప్పింది. ఆ సమయంలో నా వేగం మాత్రం నడకకన్నా తక్కువ. గ్రాఫులో ఆ చోటు చూసిన పరుగు మిత్రులు ఇప్పటికీ గడియారం చెడిపోయిందంటారు.

మిగతా దూరం ఎలా అయిందో పెద్దగా గుర్తులేదు. పైన టీ బంకు దగ్గరికి చేరేసరికి నా కన్నా ముందే నా కథ చేరిపోయింది. పాలాయన క్యాను దించి పాలు కొలుస్తూ, "నెట్టింది ఈ సారే" అని బంకామెకి చూపించాడు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "యాడ్నుంచి నెట్టుకొనొచ్చినారు సార్?" అంది. ఆమె దృష్టిలో నేను కింద ఊరి నుంచీ నెట్టుకొచ్చాను. దిద్దుదామనుకున్నాను గానీ ఊపిరి చాల్లేదు. టీలో పంచదార అడక్కుండానే ఎక్కువేసింది. డాక్టరు గీసిన రెండు గీతలూ ఒక్క క్షణం కళ్ళముందు మెదిలాయి. తాగేశాను.

ఎక్కుడు బాకీ ఆ పూటతో తీరిపోయింది. దిగుడు బాకీ మర్నాడు మొదలైంది. దిగేటప్పుడు తొడ కండరాలు ఒంటి బరువుని ఆపుకుంటూ సాగుతాయి, ఒకేసారి బ్రేకూ స్ప్రింగూ రెండూ అవుతాయి. అప్పుడు ఏమీ అనవు. లోపల సన్నసన్నగా చిట్లి, ఒకటి రెండు రోజులాగి, తీరిగ్గా చెబుతాయి. కొండ వడ్డీ కట్టించుకునే పద్ధతి ఇదన్నమాట. మా కాటేజీకి తొమ్మిది మెట్లు. మర్నాడు వాటిని ఎక్కగలిగాను గానీ దిగలేకపోయాను. చివరికి కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాను. పిల్లలు వీడియో తీశారు. "కొండ దిగొచ్చినాయన మెట్లు దిగలేడా!" అని అత్తగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. డెబ్భై నాలుగేళ్ళ మామగారు ఏమీ అనలేదు. కింద మెట్టు దగ్గర నిలబడి తన చేతికర్ర నావైపు చాపారు. మంకీక్యాప్ ఇంకా నా దగ్గరే ఉందన్న సంగతి కూడా ఆయన ఎత్తలేదు.

గాలిబండ దగ్గరికి అందరూ వెళ్తుంటే నేను గదిలోనే ఉండిపోయాను. అక్కడ గాలి మనిషిని ఎగరేస్తుందంటారు, నాకప్పుడు ఎగరేసే గాలి కన్నా దింపే మనిషి కావాలి.

బయల్దేరే రోజు పొద్దున్న ఏడింటికి మెలకువొచ్చింది. దుప్పటి కింద కాళ్ళు రెండూ కొయ్యల్లా ఉన్నాయి. కిటికీ అద్దం నిండా మంచు. పక్క మంచం మీద బావమరిది గురక. దూరంగా ఘాట్‌లో బస్సు హారన్ మోగింది, రెండుసార్లు. వెంటనే ఆ కింద ఎక్కడో మోపెడ్ చప్పుడు సన్నగిల్లింది. అదే మలుపు అయి ఉంటుంది. చప్పుడు ఇంకా తగ్గింది, ఒకే చోట గురగురమంటూ ఆగిపోయింది. నేను మోచేతుల మీద లేచి కూర్చున్నాను. తలగడ పక్కన మంకీక్యాప్ తడిమాను, ఎందుకో. బూట్లు ఎక్కడున్నాయో చూశాను. ఒక నిమిషం గడిచింది. ఎవరు నెట్టారో, తనే దిగి నెట్టుకున్నాడో, ఇంజను గొంతు మారింది. చప్పుడు మలుపు తిరిగి, పైకి, మావైపు రావడం మొదలుపెట్టింది.